పోపు గారికి లోబడుడంటే నోరు మూసుకునుడు కాదు, నోరు పారేసుకునుడు అసలే కాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ పేపర్ల లేఖల కాలమ్‌ల ఒకాయన రాసిండు, క్యాథలిక్కులకు సొంత బుర్ర ఉండదు, రోమ్‌ల కూసున్న ఒక పెద్దాయన ఏది చెప్తే దానికి తల ఊపుతరు అని. చదివి బాధ అనిపించింది కానీ కోపం రాలే, ఎందుకంటే బయటోళ్లకు అట్లనే కనపడ్తది. అదే వారం మా సొంతోళ్లే పంపిన ఒక వీడియో వాట్సాప్‌ల వచ్చింది, అది చూసినంక మాత్రం నిద్ర పట్టలే. అందుల ఒక పిలగాడు, మంచి తెలుగుల, చేతుల జపమాల పట్టుకొని మరీ చెప్తున్నడు, 1958ల పన్నెండవ పయస్ గారు చనిపోయినంక రోమ్‌ల కుర్సీ ఖాళీగనే ఉన్నది, ఆ తర్వాత వచ్చినోళ్లు ఎవరూ పోపులే కాదు అని. ఒకాయనేమో మేము గుడ్డిగ లోబడ్తున్నం అంటడు, ఇంకొకడేమో లోబడుడే పాపం అంటడు. ఈ ఇద్దరికీ కలిపి ఒకటే జవాబు చెప్పాలనిపించి రాస్తున్న, కొంచెం పెద్దగ అయితది, ఓపికతోని చదవండి.

ముందు నా సంగతి చెప్త. మాది కాజీపేట, 60 ఏళ్లు దాటినయ్. నేను పాత పద్ధతి మనిషిని. సత్ప్రసాదం, అంటే మా గుడి పూజల క్రీస్తు శరీరమని ఇచ్చే అప్పం, మోకాళ్ల మీద కూసొని నాలుక మీదనే తీసుకుంట, చేతులకు ఎన్నడూ తీసుకోలే. ఇంట్ల రాత్రి జపమాల అయినంకనే అన్నం. ఈస్టర్ ముందటి తపస్సు కాలం వచ్చిందంటే శుక్రవారం నీచు ముట్టం. పూజల కీబోర్డు, రిథమ్ ప్యాడ్ మోత మోగుతుంటే నాకు ప్రార్థన కుదరదు, ఆ సంగతి మా ఫాదర్ గారికి కూడా తెలుసు, నేనే పోయి చెప్పిన. అంటే పాత ఆచారం అంటే పడి చచ్చే మనుషులల్ల నేను కూడా ఒకన్ని, అందుకే ఈ మాట నేను చెప్తేనే బాగుంటదని అనుకుంటున్న.

మా తాత ఉపదేశి. తెలియనోళ్లకు చెప్తున్న, ఫాదర్ గారు నెలకో రెండు నెలలకో ఒకసారి వచ్చే ఊర్లల్ల ఆదివారం జనాన్ని పోగేసి ప్రార్థన చెప్పి, పిల్లలకు జపాలు నేర్పి, చావుకు పెళ్లికి ముందు నిలబడేటోన్ని ఉపదేశి అంటరు. మా ఊరు హసన్‌పర్తి అవతల. అప్పుడు ఇక్కడ పనిచేసిన ఫాదర్లు ఇటలీ పీమే మిషనరీ సంఘపోళ్లు, 1952ల వరంగల్ మేత్రాసనం, అంటే ఒక బిషప్ గారి కింద ఉండే ప్రాంతం, ఏర్పడితే మొదటి బిషప్ గారు కూడా వాళ్లల్ల నుంచే, అల్ఫోన్సో బెరెట్టా గారు. ఫాతిమానగర్ అంటే ఇయ్యాల ఆటోవాళ్లందరికీ తెలుసు, ఆ పేరు ఫాతిమా మాతది. ఆ ఇటలీ ఫాదర్ల దగ్గర మా తాత లాటిన్ జవాబులు కంఠతా పట్టిండు. చదువు నాలుగో తరగతే, కానీ ఫాదర్ గారు పీఠం మెట్ల కాడ నిలబడి "ఇంత్రోయిబో అద్ అల్తారే దేయీ" అంటే వెనుక నుంచి మా తాత గొంతు "అద్ దేయుమ్ క్వీ లేతీఫికాత్ యువెంతూతెమ్ మేయమ్" అని గుడి మొత్తం వినపడేదంట. నేను దేవుని పీఠం దగ్గరికి పోత అని ఆయనంటే, నా యవ్వనానికి సంతోషం ఇచ్చే దేవుని దగ్గరికి అని ఈయన జవాబు. ఊరి పిలగాండ్లకు కూడా నేర్పిండు, బర్లు కాసుకుంట కూడా వాళ్లు అదే అనుకునేటోళ్లంట.

ఇగ 1969ల ఆరవ పౌలు పోపు గారు కొత్త పూజ గ్రంథం తెచ్చిన్రు. అదే సంవత్సరం ఇండియాకని 12 మార్పులకు రోమ్ ఒప్పుకున్నది, కింద కూసొని పూజ చేసుకోవచ్చు, మోకాలు వంచుడు బదులు చేతులు జోడించి నమస్కారం పెట్టొచ్చు, హారతి పట్టొచ్చు అని. పీఠం ఇటు తిరిగింది, ఫాదర్ గారు జనం దిక్కు తిరిగిన్రు, తెలుగుల పూజ మొదలైంది. ఇరవై ఏళ్లు కష్టపడి నేర్చుకున్న లాటిన్ ఒక్కసారిగ ఎవరికీ అక్కర లేకుంట పోయింది. మా తాతకు ఎట్ల అనిపించి ఉంటదో నాకు ఇప్పుడు ఈ వయసుల అర్థమయితున్నది. మా నాయనమ్మ చెప్పేది, మొదటిసారి తెలుగు పూజ చూసి వచ్చిన రోజు ఆయన ఏం మాట్లాడలేదంట, గడపల చాలాసేపు కూసున్నడంట, తర్వాత లాటిన్ జవాబుల పుస్తకం తీసి, మా నాయనమ్మ పాత చీర ముక్కల మూట కట్టి, దూలం మీద పెట్టిండంట. తెల్లారి తెలుగు జవాబుల కాగితం పట్టుకొని మా నాయనను ముందు కూసోబెట్టుకొని చదువుడు మొదలు పెట్టిండంట, యాభై దాటినంక. ఎందుకయ్యా నీకు నచ్చలేదు కదా అంటే, "పాపుగారు చెప్పిన్రు, నాకు నచ్చుడు నచ్చకపోవుడు ఏమున్నది" అన్నడంట. కానీ రాత్రి పండుకునే ముందు పరలోక జపం మాత్రం లాటిన్లనే చెప్పుకునేటోడు, అది నేను నా చెవులతోని విన్న, చిన్నప్పుడు ఆయన పక్కల పండుకునేటోన్ని. పాతర్ నోస్తెర్ అని మెల్లగ, గోడ దిక్కు తిరిగి.

తర్వాతెప్పుడో నాకు తెలిసింది, ఆ పోపు గారు కూడా బాధపడ్డరని. 1969 నవంబర్ 26న జనంతోని మాట్లాడుకుంట, లాటిన్ భాష, ఆ పాత పాటలు పోగొట్టుకుంటున్నం, బాధపడడానికి కారణం ఉన్నది అని ఆయనే ఒప్పుకున్నరు. రోమ్‌ల ఆయన, హసన్‌పర్తి అవతల మా తాత, ఇద్దరిది ఒకటే బాధ, ఒకరి మొహం ఒకరు చూసుకోలే అంతే.

మీ పాఠకుడు రాసిన బుర్ర సంగతికి వస్త. పోపు ఏం మాట్లాడినా అది దేవుని మాట అని మేం నమ్ముతమని చాలామంది అనుకుంటరు, మా హనుమకొండ బాప్టిస్టు దోస్తులు కూడా నన్ను అదే అడుగుతరు, పోపును దేవుడంటరా మీరు అని. అనం. 1870 జూలై 18న మొదటి వాటికన్ మహాసభ, అంటే రోమ్‌ల కూడిన బిషప్పుల సభ, చెప్పింది ఏందంటే, పేతురు పీఠం మీద కూసున్న మనిషి, అంటే పోపు, మొత్తం శ్రీసభకు, అంటే క్యాథలిక్ సంఘానికి, విశ్వాసం గురించి లేకుంటే నీతి గురించి, ఇది ఇగ ఖాయం అని ప్రకటించినప్పుడు ఆయనకు పొరపాటు రాకుంట దేవుడు కాపాడుతడు అని. అట్ల ప్రకటించుడు 1870 నుంచి ఇప్పటి దాక ఒక్కసారే జరిగింది, 1950 నవంబర్ 1న, మరియ తల్లి ఆత్మతోని శరీరంతోని మోక్షానికి తీసుకపోబడ్డదని పన్నెండవ పయస్ గారు చెప్పిన్రు. నూటా యాభై ఏండ్లల్ల ఒక్కసారి. మిగతా రోజుల బోధ ఉంటది, లేఖలు రాస్తరు, దానికి మేం మనసు పెట్టి లోబడాలె, రెండవ వాటికన్ సభ కూడా అదే రాసింది, ఏ మాటను ఎంత గట్టిగ, ఎన్నిసార్లు, ఏ తీరుగ చెప్పిన్రు అనేది చూసి లోబడాలె అని. ఇగ విమానంల రిపోర్టర్లు అడిగితే ఇచ్చిన జవాబులు, ఆయన ఇష్టాయిష్టాలు వేరే. పోపు ఫ్రాన్సిస్ గారు అర్జెంటీనల సాన్ లోరెంజో ఫుట్‌బాల్ క్లబ్ అభిమానిగ ఉండేటోళ్లు, దాని కోసం మేమెవ్వరం ఆ టీంకు జై కొట్టాల్సిన పని లేదు. ఈ తేడా మా గుడిల బుధవారం నొవేన ప్రార్థనకు వచ్చే ముసలమ్మకు కూడా తెలుసు. టీవీల వాళ్లకే తెల్వదు, పోపు నోరు తెరిస్తే చాలు క్యాథలిక్కుల చట్టం మారింది అని కింద స్క్రోలింగ్ వేస్తరు.

పోపుకు ఎదురు చెప్పుడు మా శ్రీసభల కొత్త కాదు. మొదటి పోపు పేతురు గారికే పౌలు గారు అంతియోకియల ముఖం మీద చెప్పిన్రు, గలతీయుల లేఖ రెండో అధ్యాయంల ఉన్నది. 14వ శతాబ్దంల 22వ జాన్ పోపు గారు, చనిపోయిన పుణ్యాత్ములు తీర్పు రోజు దాక దేవుని ముఖం చూడరు అని ప్రసంగాలల్ల చెప్పిన్రు, వేదశాస్త్రులు ఇది తప్పు అని ఎదురు నిలబడ్డరు, 1334ల చచ్చిపోయే ముందు ఆయన ఆ మాట వెనక్కి తీసుకున్నరు. సియెన్న కత్తెరీనమ్మ గారైతే రంగుల అద్దకం చేసేటాయన బిడ్డ, చదువు కూడా సరిగ లేదు, పోపులు రోమ్ విడిచి ఫ్రాన్స్‌ల అవిన్యోన్ల కూసుంటే ఆమె అక్కడికే పోయింది 1376ల, పదకొండవ గ్రెగోరి గారికి మొగోని లెక్క ధైర్యం తెచ్చుకో అని లేఖలు రాసింది. అదే లేఖలల్ల ఆయనను భూమ్మీద తియ్యని క్రీస్తు అని కూడా పిలిచింది. ఆయన 1377ల రోమ్‌కు తిరిగొచ్చిన్రు. ఈ రెండు మాటలు ఒకటే నోట్ల నుంచి ఎట్ల వచ్చినయో అర్థం చేసుకుంటే చాలు, నేను చెప్పేదంతా అదే. ఈ కాలంల కూడా ఆ దారి మూసుకుపోలే. 1983ల వచ్చిన శ్రీసభ చట్టంల 212వ సూత్రం ఉన్నది, విశ్వాసులకు తమ కాపరులకు తమ మనసుల మాట చెప్పే హక్కు ఉన్నది, కొన్నిసార్లు అది బాధ్యత కూడా, కాకపోతే మర్యాదతోని చెప్పాలె అని.

ఇగ మా పాత పద్ధతోళ్లకు చెప్పాల్సింది ఉన్నది, నా మనసంతా ఇక్కడనే ఉన్నది.

మా అన్న కొడుకు ఒకడు హైదరాబాద్ల సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తడు. బుద్ధిమంతుడు. మూడేండ్ల కింద అమెరికా వాళ్ల యూట్యూబ్ వీడియోలు చూసుడు మొదలు పెట్టిండు, అందుల పాత లాటిన్ పూజ, ధూపం, నల్ల అంగీల ఫాదర్లు, ఆ నిశ్శబ్దం, అవన్నీ చూసి వాని మనసు అటు గుంజింది. నాకు ముందు మస్తు సంతోషమైంది, ఈ కాలంల పిలగాడు మోకాళ్ల మీద కూసుంటున్నడంటే ఎవరికి సంతోషం కాదు. కానీ మెల్లమెల్లగ మాట మారింది. కొత్త పూజ పూజనే కాదు అన్నడు. మన గుడిల సత్ప్రసాదం తీసుకునుడు బంద్ చేసిండు. 2025 ఏప్రిల్ 21న, పాస్క పండుగ, అంటే ఈస్టర్, తెల్లారి, పోపు ఫ్రాన్సిస్ గారు చనిపోయిన్రని మన టైమ్‌ల మధ్యాహ్నం కల్ల తెలిసింది, నేను రోడ్డు మీదనే నిలబడి సిలువ గుర్తు వేసుకున్న. సాయంత్రం ఫోన్ తెరిస్తే మావాడు ఉన్న ఒక గ్రూప్‌ల వచ్చిన మెసేజ్ నాకు కూడా ఫార్వర్డ్ అయింది, చివరికి పీడ పోయింది అని రాసి నవ్వుతున్న బొమ్మలు పెట్టిన్రు. చావు మీద నవ్వుడు. మన ఊర్లల్ల పగోడు చచ్చినా శవం వాకిట్ల ఉన్నంత సేపు ఎవరూ ఏమీ అనరు. పాత సంప్రదాయం కాపాడుతమని చెప్పే మనుషులు ఇది చేసిన్రు.

వానికి ఫోన్ చేసిన. అది నాది కాదు చిన్నాయన, ఎవరో పెడితే వచ్చింది అన్నడు, తర్వాత కొద్దిసేపాగి అడిగిండు, "చిన్నాయన, ఒకవేళ పోపే తప్పు దారిల పోతే మనం ఆయన ఎంబడి పోవాల్నా?"

"ఎవరు పొమ్మన్నరు బిడ్డా. మీ నాయన తప్పు చేస్తే నువ్వు ఆ తప్పు చెయ్యకు, ఎదురుంగ కూసొని చెప్పు, వినకపోతే ఏడ్వు, దేవునికి మొక్కు. అంతేగని ఇంటి పేరు మార్చుకుంటవా?"

వాడు మాట్లాడలే. నేను కూడా ఆ రోజు అంతకంటే ఎక్కువ చెప్పలేకపోయిన. తర్వాత కూసొని ఆలోచించి, వానికి ఇష్టమైన పునీతుని గురించే చెప్తే వింటడేమోనని పాద్రె పియో గారి కథ చెప్పిన. వాని ఫోన్ మీద వాల్‌పేపర్ ఆయనదే, చేతులకు గాయాలున్న ఆ గడ్డం సన్యాసి. కానీ ఆయన జీవితంల అసలు సంగతి వానికి ఎవరూ చెప్పలేదు. 1931ల రోమ్ నుంచి ఆర్డర్ వచ్చింది, ఈయన జనం ముందట పూజ చెయ్యొద్దు, పాపసంకీర్తనం, అంటే జనం తమ పాపాలు చెప్పుకునుడు, వినొద్దు అని. ఏ తప్పు చెయ్యని మనిషికి, మీద పుకార్లు పుట్టించిన్రు అంతే. లోపలి చిన్న గదిల, ఒక్క సహాయకునితోని, తలుపులు మూసుకొని పూజ చేసుకోవాలె. రెండు సంవత్సరాలు, 1933 జూలై దాక. బయట జనం మఠం చుట్టూ గుమిగూడి గొడవకు దిగిన్రు, మా ఫాదర్ గారిని ఎటు పంపినా ఊకోము అని. ఆయన ఒక్క మాట రోమ్‌కు ఎదురు మాట్లాడలే. తన తరపున కొట్లాడే మనుషులనే ఊకోమన్నడు. అట్లాంటి మనిషే 1968 సెప్టెంబర్ 12న, ఆరవ పౌలు పోపు గారు జనన నియంత్రణ మీద రాసిన లేఖకు లోకమంతా తిడుతున్నప్పుడు, మీ మాటకు మేం లోబడి ఉన్నం అని లేఖ రాసిండు. పదకొండు రోజులకు, సెప్టెంబర్ 23న, చనిపోయిండు. ముసలితనంల ఆయన కొత్త మార్పులతోని పూజ చెయ్యలేనని పర్మిషన్ అడిగిండు, పాత పద్ధతిల చేసుకో అని రోమ్ పర్మిషన్ ఇచ్చింది. అది కూడా అడిగే తీసుకున్నడు. పాత పూజ చేసుకోవాలన్న కోరిక ఆయనకు లేక కాదు.

ఆర్చ్‌బిషప్ లెఫెవ్ర్ గారి దారి వేరే. ఆయనను నేను చెడ్డ మనిషి అనను, ఆఫ్రికాల ముప్పై ఏండ్ల దాక మిషనరీగ పని చేసిన మనిషి, పాత పూజ మీద ఆయన ప్రేమ నిజమైనదే. కానీ 1988 జూన్ 30న స్విట్జర్లాండ్ల ఎకోన్ల, రెండవ జాన్ పాల్ పోపు గారు వద్దన్నా నలుగురు బిషప్పులను అభిషేకం చేసిండు. బిషప్పులను చేసుడంటే చిన్న సంగతి కాదు, శ్రీసభ ఒకటిగ ఉండేదే పోపు ఒప్పుకున్న బిషప్పుల వల్ల. ఆ రోజు నుంచి తెగిపోయింది. అవతల తలుపు తెరిచిపెట్టుకొని కూసున్నదెవరో కూడా చెప్పాలె. 2009ల ఆ నలుగురి మీద ఉన్న బహిష్కరణను 16వ బెనెడిక్ట్ పోపు గారు తీసేసిన్రు, 2007లనే పాత పూజకు అందరికీ పర్మిషన్ ఇచ్చిన్రు. వీళ్లు ఇంత తిట్టిన ఫ్రాన్సిస్ గారే లెఫెవ్ర్ గారు పెట్టిన సంఘపు ఫాదర్ల దగ్గర చేసే పాపసంకీర్తనం చెల్లుతదని 2015ల చెప్పిన్రు, తర్వాత దాన్ని పొడిగించిన్రు. ఈ సంగతి వీడియోల చెప్తరా, చెప్పరు.

2021 జూలై 16న ఫ్రాన్సిస్ గారు పాత లాటిన్ పూజను తగ్గించిన మాట కూడా నిజమే. నాకు బాధ అయింది, దాచుకోను. మన దగ్గర ఆ పూజ చూసినోళ్లు ముసలోళ్లల్ల కూడా తక్కువే, మనకు వచ్చిన నష్టం ఏమీ లేదు, అయినా మా తాత మూట కట్టి దూలం మీద పెట్టిన పుస్తకం గుర్తొచ్చింది. కానీ బాధపడుడు వేరే, తెగదెంపులు వేరే. కార్డినల్ బర్క్ గారు ఉన్నరు, కార్డినల్స్ అంటే పోపును ఎన్నుకునే పెద్దలు, ఇంకో ముగ్గురు కార్డినల్స్‌తోని కలిసి 2016ల పోపు ఫ్రాన్సిస్ గారికి ఐదు ప్రశ్నలు రాసి పంపిన్రు, జవాబు రాలే, ఆయనకున్న పదవులు కూడా పోయినయ్. ఆయన పోపు పోపే కాదు అనలే, బయటికి పోలే. 2025 అక్టోబర్ 25న అదే బర్క్ గారు రోమ్‌ల సెయింట్ పీటర్స్ బసిలికాల, పేతురు సమాధి ఉన్న గుడిల, పాత లాటిన్ పూజ చేసిన్రు. అదే కాలంల ఇంకొకాయన, అమెరికాల పోపు ప్రతినిధిగ పని చేసిన ఆర్చ్‌బిషప్ విగానో గారు, ఫ్రాన్సిస్ గారిని పోపుగ ఒప్పుకోను అన్నరు, 2024 జూలైల బహిష్కరణ అయింది. ఇద్దరు పాత పద్ధతి మనుషులే.

ఆఫ్రికా బిషప్పులు ఏం చేసిన్రో చూడండి. 2023 డిసెంబర్ 18న, ఒకే లింగపు జంటలను కూడా ఆశీర్వదించొచ్చని రోమ్ నుంచి వచ్చిన పత్రం వాళ్లకు నచ్చలే. కాంగో నుంచి కార్డినల్ అంబోంగో గారు ఫేస్‌బుక్‌ల పోస్టు పెట్టి ఊకోలే, టికెట్ కొనుక్కొని రోమ్‌కు పోయిన్రు, పోపు గారి ముందట కూసొని మా జనానికి ఇది కుదరదు అని చెప్పిన్రు, మాట్లాడుకొని ఒప్పించుకొని మా దగ్గర ఇది చెయ్యం అని 2024 జనవరిల ప్రకటన ఇచ్చిన్రు. ఎదురు చెప్పుడు అంటే ఇట్ల ఉంటది.

మాట వినకపోవుడు పాత పద్ధతోళ్లకే ఉన్న జబ్బు అని మాత్రం అనుకోవద్దు. మన ఉత్తర తెలంగాణల మంచిర్యాల ఉన్నది, ఆదిలాబాద్ మేత్రాసనం, 1999ల ఏర్పడింది, అది మా లాటిన్ పద్ధతి కాదు, కేరళ సీరో మలబారు పద్ధతి, వాళ్లు కూడా పోపు కిందనే. వాళ్ల సభల 2021ల బిషప్పులు అందరూ కూసొని, పూజ సగం జనం దిక్కు, సగం పీఠం దిక్కు తిరిగి చెయ్యాలె అని తీర్మానం చేస్తే, కేరళల ఎర్నాకులం అంగమాలి మేత్రాసనంల చాలామంది ఫాదర్లు ఒప్పుకోలే, వాళ్లకు మొత్తం జనం దిక్కే కావాలె. అక్కడ కొట్లాట కొత్త పద్ధతి కోసం. ఎంత దాక పోయిందంటే 2023 డిసెంబర్ల పోపు గారే వీడియోల మాట్లాడి, ఈ క్రిస్మస్ కల్ల లోబడండి అని బతిమాలిన్రు. పీఠం దిక్కు తిరగాలనేటోడు, జనం దిక్కు తిరగాలనేటోడు, ఇద్దరూ పోపు మాట తమకు నచ్చినప్పుడే వింటమంటే అది వినుడు ఎట్లయితది. నచ్చిన మాట వినడానికి విధేయత ఎందుకు, అది ఎట్లాగూ చేస్తం కదా.

ఇంకొక్క సంగతి. ఫ్రాన్సిస్ గారు పోయినంక కొత్త పోపు వచ్చే దాక 17 రోజులు. ఆ 17 రోజులు నేను పొద్దున పూజకు పోయినప్పుడల్లా ఒక చోట గుండె కలుక్కుమనేది. రోజు పూజల అప్పద్రాక్షరసాలు సత్ప్రసాదం అయ్యే ఆ పెద్ద ప్రార్థనల పోపు గారి పేరు చెప్తరు, లోకంల ఏ మూల పూజ జరిగినా ఆ పేరు ఉంటది, మా తాత కాలంల లాటిన్ల ఉండె, ఇప్పుడు తెలుగుల ఉంటది. ఆ చోటికి వచ్చేసరికి ఫాదర్ గారు కొంచెం ఆగి, పేరు లేకుంటనే తర్వాతి మాటకు పోయేటోళ్లు. ఒకరోజైతే అలవాటుగ ఫ్రా అని సగం వచ్చి ఆగిపోయింది. పుట్టినకాడి నుంచి వింటున్న చోట ఖాళీ వినపడింది. పీఠం ఖాళీ అంటే ఏందో ఆ రోజులల్ల నాకు తెలిసింది, ఆ వీడియోల లెక్కనే 1958 నుంచి ఖాళీ అని చెప్పే మావోనికి అదే చెప్పిన, నువ్వు చెప్పే ఖాళీ నీ ఫోన్‌ల ఉన్నది, నేను చూసిన ఖాళీ 17 రోజులు ఉండె, మే 8న నిండింది. ఆ రాత్రి మేం టీవీ ముందటనే కూసున్నం, తెల్ల పొగ వచ్చింది మన టైమ్‌ల తొమ్మిదిన్నర దాటినంక, పేరు చెప్పేసరికి పది నలభై దాటింది, 133 మంది కార్డినల్స్ ఓటు వేసిన్రు, అందుల మన హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల ఆంథోని గారు ఉన్నరు, తెలుగోళ్లల్ల మొదటి కార్డినల్, దళితులల్ల కూడా మొదటి కార్డినల్, 2022ల ఫ్రాన్సిస్ గారు చేసిన్రు. కొత్త పోపు 14వ లియో గారు బాల్కనిల ఎర్ర శాలువ వేసుకొని వచ్చిన్రు, ఫ్రాన్సిస్ గారు 2013ల అది వేసుకోలే. ఐదు నిమిషాలల్ల మావోని గ్రూపుల మెసేజ్‌లు మొదలైనయ్, ఎర్ర శాలువ వచ్చింది, మంచి పోపు దొరికిండు అని. తెల్లారి ఇంకేదో మాట నచ్చలే, మళ్లీ తిట్లు. శాలువను చూసి లోబడేటోళ్లు శాలువకే లోబడ్డరు.

తెల్లారి మే 9న పొద్దున పూజల ఫాదర్ గారు ఆ చోట లియో అన్నరు. వెనుక బెంచీల ఒక ముసలాయన గట్టిగ ఆమెన్ అన్నడు, అది ఆమెన్ అనే చోటు కాదు, ఎవరూ ఏమనలే.

ఎడిటర్ గారూ, మీకు ఒక మనవి కూడా ఉన్నది. పోపు గారి గురించి వార్త వేసేటప్పుడు ఆయన లేఖ రాసిన్రా, ప్రసంగంల చెప్పిన్రా, ఇంటర్వ్యూల అన్నరా అనేది ఒక ముక్క రాయండి. ఆ ఒక్క ముక్క లేకనే సగం ఇండ్లల్ల కొట్లాటలు అయితున్నయ్, మా ఇంట్ల అయింది.

మావాడు సత్ప్రసాదం ఇంకా తీసుకుంటలేడు. కానీ పండుగకు వచ్చినప్పుడు మాతోని పూజకు వచ్చిండు, చివరి దాక మోకాళ్ల మీదనే ఉన్నడు. బయటికి వచ్చినంక అడిగిండు, "తాత లాటిన్ పుస్తకం నీ దగ్గర ఉన్నదంట కదా చిన్నాయన, నాకు ఇస్తవా" అని. ఇస్త అన్న. పాత ఇల్లు కూలగొట్టినప్పుడు నేనే దూలం మీద నుంచి దించిన, ఇప్పటికీ అదే చీర ముక్కల ఉన్నది, ముడి విప్పలే. ముడి నీ చేతులతోనే విప్పు, కాకపోతే తాత ఎందుకు కట్టిండో ముందు నా దగ్గర కూసొని విను, అప్పుడు విప్పు అన్న. వచ్చే నెల రెండు రోజులు లీవు పెట్టుకొని వస్త అన్నడు.

ఇట్లు,
ఒక కథోలిక విశ్వాసి,
కాజీపేట, హనుమకొండ జిల్లా